రేపు పొద్దున్నకి పనికొచ్చే మాట

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లు పెట్టుకున్న ప్రకృతి ఛాయాచిత్రాల ప్రదర్శన చివరి రోజున చేసిన ప్రసంగం. కొద్దిపాటి కోతలు తప్ప, మాట్లాడింది మాట్లాడినట్టే.)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి, రాయగడ, ఛత్రపురం నుంచి శ్రమపడి వచ్చిన మిత్రులకి ప్రత్యేకంగా నమస్కారం.

పొద్దున్నించీ గోడల మీద ఫొటోలు చూస్తూ, ఒక చెవి మీ మాటల మీద వేసి ఉంచాను. ఎక్కువగా వినపడిన మాట "బాగుంది". దాని తరవాత "సూపర్". కుర్రాళ్ళ దగ్గర "ఏటి గురూ, కేక". ఇంకాస్త అనుభవం ఉన్నవాళ్ళు "లెన్స్ ఏంటి?" అని అడుగుతున్నారు. బాగా అనుభవం ఉన్నవాళ్ళు ఏమీ అనటం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకి వంచి, తరవాతి ఫొటోకి వెళ్ళిపోతున్నారు. (నవ్వులు) ఆ తల వంపుకి అర్థం ఏమిటో తెలియక ఫొటో తీసిన పిల్లవాడు రాత్రంతా నిద్రపోడు.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఎవరి ఫొటో గురించైనా నోరు విప్పే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ మనిషి రేపు పొద్దున్న ఇదే కెమెరా పట్టుకుని, ఇదే చోటికి వెళ్తే, నా మాట వల్ల ఏదైనా వేరేగా చేస్తాడా? చేస్తాడు అనిపిస్తే చెప్పండి. "ఖరీదైన ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనుక్కోవోయ్" అన్నారనుకోండి, రేపు పొద్దున్న అతను ఏం చేస్తాడు? బ్యాంకుకి వెళ్తాడు. అది ఫొటో గురించి మాట్లాడటం అవదు.

మనకి మొహమాటం ఎక్కువ. ఫొటో తీసినవాడు మన వీధివాడో, మేనల్లుడి క్లాస్‌మేటో అయి ఉంటాడు. పెళ్ళి భోజనాల దగ్గర ఆడపెళ్ళివారు "వంటలు ఎలా ఉన్నాయండీ" అని అడిగితే సాంబారులో ఉప్పు లేదని ఎవరైనా చెప్తారా? అదే బాణీ ఇక్కడా నడుస్తుంది. కాకపోతే పెళ్ళి వంట ఒక్కసారే. ఈ కుర్రాడు వచ్చే ఆదివారం మళ్ళీ గోపాల్‌పూర్ వెళ్తాడు, మళ్ళీ అదే తీస్తాడు, మళ్ళీ మనం బాగుంది అంటాం. మూడేళ్ళ తరవాత కెమెరా బీరువాలోకి పోతుంది. ఎందుకు మానేశావు బాబూ అంటే "ఎంత తీసినా ఒకేలా వస్తున్నాయండీ" అంటాడు. మొహమాటం వల్ల జరిగే నష్టం అది.

మాటలతో తేలదు గానీ, ఎడమ గోడ మీద మూడో ఫొటో చూడండి. తీసినవారిని అడిగే దీన్ని ఎంచుకున్నాను. గోపాల్‌పూర్ బీచి, సూర్యోదయం. ముందు ఇసకలో ఫైబర్ పడవ, మధ్యలో వల భుజాన వేసుకుని నడుస్తున్న మనిషి, వెనకాల సముద్రంలోంచి లేస్తున్న సూర్యుడు. మన జిల్లాలో కెమెరా కొన్న ప్రతివాడూ తీసే ఫొటోయే. అందుకే దీని గురించి మాట్లాడుకుంటే అందరికీ పనికొస్తుంది.

మొదట కనిపించింది కనిపించినట్టు చెప్పాలి. తీర్పు తరవాత. "నా చూపు ముందు సూర్యుడి మీద పడింది, అక్కడి నుంచి పడవకి వచ్చింది, పడవ ముక్కు ఫ్రేము అంచుకి ఆనుకుని ఉండటంతో ఆ దారినే బయటికి జారిపోయింది. మనిషిని చాలా ఆలస్యంగా చూశాను." ఇందులో తిట్టు లేదు, పొగడ్త లేదు. అయినా ఫొటో తీసినవాడికి ఇది బంగారం. ఎందుకంటే తన ఫొటోని తను కొత్తగా చూడలేడు. ఆ ఉదయం గాలి, ఆ మనిషితో మాట్లాడిన మాటలు, అన్నీ అతని బుర్రలో ఉన్నాయి. అవేవీ మనకి తెలియవు. కాగితం మీద ఉన్నదే మనకి తెలుసు. ఏమీ తెలియని ఆ కంటినే అతనికి కాసేపు అప్పు ఇవ్వాలి.

రెండోది అడగటం. "ఇందులో నీకు ముఖ్యం ఏది, పడవా, మనిషా, వెలుగా?" అని అడిగాను. మనిషి అన్నాడు. ఆ సమాధానంతో నా పని సగం అయిపోయింది. వెలుగు అని ఉంటే నేను చెప్పేది వేరు.

ఇప్పుడు తప్పులు చూద్దాం. నీటి గీత కుడివైపు వాలింది. ఆకాశం సూర్యుడి చుట్టూ తెల్ల మచ్చ అయిపోయింది. రంగు బాగా పెంచారు, ఇసక కూడా నారింజ రంగులోకి వచ్చేసింది. పడవ ముక్కు సంగతి చెప్పాను. ఆ మనిషి తల సరిగ్గా నీటి గీత మీద పడింది, సముద్రం అతని నెత్తి మీద తాడులా ఉంది. అయిదు తప్పులు. అయిదూ చెప్పానా? లేదు. అయిదూ చెప్తే ఒక్కటీ గుర్తుండదు. నీటి గీత ఇంట్లో కూర్చుని సరిచేసుకోవచ్చు. (అలా తిప్పితే అంచులు కోసుకుపోతాయి, ఈ ఫొటోలో పడవ ముక్కు ఇంకాస్త తెగుతుంది, అది వేరే సంగతి.) రంగు కూడా ఇంట్లో తగ్గించుకోవచ్చు. ఇసక ఇసకలా కనిపించేదాకా తగ్గించమనండి, చాలు.

నేను చెప్పింది ఒక్కటే. "వచ్చేసారి ఇసకలో కూర్చుని తియ్యి బాబూ." ఎందుకో చెప్తాను. చదునైన ఒడ్డు మీద కెమెరా ఎంత ఎత్తులో ఉంటుందో, నీటి గీత ఎదుటి మనిషిని అంత ఎత్తులోనే కోస్తుంది. మీరు నిలబడి కంటి దగ్గర కెమెరా పెట్టుకుంటే, మీ అంత పొడుగు మనిషికి గీత కళ్ళ దగ్గరో నుదుటి దగ్గరో పడుతుంది. అతను నీళ్ళ వైపు వాలులో కిందికి దిగి ఉంటే సరిగ్గా నెత్తి మీద పడుతుంది. మీరు చతికిలబడితే గీత అతని నడుం దగ్గరికి దిగిపోతుంది. తల, భుజం, వల, అన్నీ ఆకాశంలో విడిగా నిలబడతాయి. పైసా ఖర్చు లేదు. ప్యాంటుకి ఇసక అంటుతుంది, అంతే. అతను మనిషి ముఖ్యం అన్నాడు కదా, ఆ మనిషిని బయటికి తెచ్చే మాట ఇదే. మిగతా నాలుగూ వచ్చే నెల చెప్పుకోవచ్చు.

ఆ ఒడ్డున వల మోసే నోలియా జాలర్లు చాలామంది మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. దూరం నుంచి జూమ్ చేసి తీసి పారిపోకండి. పలకరించండి, వీలైతే ఒక ప్రింటు తీసుకెళ్ళి ఇవ్వండి. ఫొటో కూడా బాగుపడుతుంది.

ఇక చిలక సరస్సుకి వెళ్దాం. చిలక ఫొటోల మీద నేను ఎక్కువగా వినే విమర్శ "షార్ప్‌గా లేదు". ఈ మాట డాక్టరు దగ్గరికి వెళ్తే "ఒంట్లో బాగాలేదు" అని ఆయనే మనకి చెప్పినట్టుంటుంది. ఎందుకు షార్ప్‌గా లేదు? దగ్గరికి వెళ్ళి చూడండి. పక్షి మెత్తగా ఉండి వెనకాల రెల్లు గడ్డి పదునుగా ఉందనుకోండి, ఫోకస్ గడ్డి మీదికి పోయింది. పక్షి, గడ్డి, నీళ్ళు అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది, పడవైనా కదిలింది. తల పదునుగా ఉండి రెక్కలు మాత్రం మసకగా ఉంటే, రెక్కల వేగానికి షట్టర్ వేగం చాలలేదు. మొదటిదానికి మందు ఫోకస్ పాయింటు చిన్నది చేసుకుని పక్షి కంటి మీద పెట్టడం. రెండోదానికి మోచేతులు ఒంటికి ఆనించి, పడవవాణ్ణి తెడ్డు ఆపమనడం. మూడోదానికి షట్టర్ సెకనులో రెండువేలో వంతు దరిదాపులకి తీసుకెళ్ళడం. మూడూ వేరు వేరు మందులు. నిజానికి మూడోది ఒక్కోసారి రోగమే కాదు. ఆ రెక్కల మసకలోనే ఎగరడం కనిపిస్తుంది. అలాంటి ఫొటో ఒకటి అక్కడ తలుపు పక్కన ఉంది, దాన్ని షార్ప్‌గా లేదని కొట్టిపారేసినవారు ఎవరో గానీ, ఇంకోసారి చూడండి.

తెల్ల కొంగ సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ నాలుగైదు కొంగలున్నాయి, దాదాపు అన్నింటికీ ఈకలు లేవు. తెల్ల కాగితం కత్తిరించి అతికించినట్టున్నాయి. కెమెరాకి కొంగ తెలియదు కదా. ఫ్రేములో ఉన్నదంతా కలిపి సగటున మధ్యస్థమైన బూడిద రంగు వెలుతురుకి తెస్తుంది. చుట్టూ నల్లటి నీళ్ళు ఎక్కువ, కొంగ చిన్నది. నీళ్ళని వెలిగించబోయి కొంగని కాల్చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుతురు సగం చేసి, తీస్తే ఈక ఈక కనిపిస్తుంది. ఫోన్‌లో అయితే కొంగ మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. పూర్తిగా తెల్లబడిన చోట జేపెగ్‌లో ఇంక సమాచారమే ఉండదు, ఇంటికొచ్చి ఎంత గింజుకున్నా ఈక రాదు.

దీనికి సరిగ్గా తిరగేసినది కోరాపుట్ మిత్రుల ఫొటోల్లో ఉంది. దేవమాలి కొండ, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నింటికన్నా ఎత్తైన శిఖరం. చలికాలం తెల్లవారుజామున లోయ నిండా మంచు. ఫొటోలో మాత్రం పొయ్యి పొగలా మాసిపోయి ఉంది. కారణం అదే. ఫ్రేమంతా తెలుపైతే కెమెరా దాన్ని బూడిద రంగుకి దించుతుంది. ఇక్కడ ఒక స్టాప్ పెంచాలి. కొంగకి తగ్గించు, మంచుకి పెంచు. "ఎక్స్‌పోజర్ చూసుకో" అని గాల్లో అనేకన్నా ఇలా చెప్తే ఎక్కువ దూరం వెళ్తుంది.

ఆకాశంలో సెన్సర్ మీది దుమ్ము మచ్చలు, మూలన తారీకు ముద్ర, ఫొటోలో సగం ఆక్రమించిన వాటర్‌మార్కు, వీటి గురించి పెద్దగా చర్చ అనవసరం. పక్కకి పిలిచి చెవిలో చెప్పండి, పోతాయి.

ఊరు తెలిసినవాళ్ళ విమర్శకి ఒక బలం ఉంది. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్న జడ్జీ "వెలుతురు తప్పుడు దిక్కున ఉంది" అంటాడు. మనం "చిలకలో బర్కుల్ ఒడ్డు నుంచి అయితే సూర్యుడు నీళ్ళ మీంచి లేస్తాడు, నీళ్ళ మీద సూర్యాస్తమయం కావాలంటే సాతపడా వైపుకి వెళ్ళాలి" అని చెప్పగలం. చిలక 1981లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. ఏ నెలలో నీళ్ళు ఎక్కడిదాకా తగ్గుతాయో మాత్రం మన పడవవాళ్ళకే తెలుసు. ఆ జ్ఞానాన్ని మన విమర్శలోకి తెచ్చుకోకపోతే ఇంగ్లీషు పుస్తకంలోని సూత్రాలే వల్లెవేస్తూ ఉంటాం. ఫ్రేముని మూడు భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టమనే మూడింట ఒక వంతు నియమం, చూపుని లోపలికి నడిపించే దారితీసే గీతలు... ఆ రెండూ నేర్చుకున్న కొత్తలో ప్రతి ఫొటో మీదా గళ్ళు గీసి మార్కులేస్తుంటారు. నాకు అది చిరాకు, దాచుకోను.

ఇప్పుడు కొంచెం కటువుగా మాట్లాడాలి. క్షమించండి.

ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వస్తాయి, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఒక ఫొటో వస్తుంది. రాత్రి, తాబేలు, మొహం నిండా ఫ్లాష్ వెలుతురు, కళ్ళు మెరుస్తున్నాయి. కంపోజిషన్, అంటే ఫ్రేములో అమరిక, అద్భుతం. మీరేమంటారు? నేనైతే కంపోజిషన్ గురించి ఒక్క ముక్క మాట్లాడను. వెలుతురు పడితే ఒడ్డెక్కిన తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరగొచ్చు. పిల్లలు గూట్లోంచి బయటపడినప్పుడు వెలుతురున్న వైపుకి పాకుతాయి, అది సముద్రం వైపు అవ్వాలి. టార్చీల వైపు పాకిన పిల్ల తెల్లారేసరికి కాకుల పాలు. ఆ ఫొటోని మనం మెచ్చుకుంటే ఇంకో పదిమంది అదే ఫ్లాష్ పట్టుకుని వెళ్తారు. కాబట్టి ముందు అడగాల్సింది "ఎలా తీశావు?" అని.

చిలకలోని నలబణలోనూ అంతే. 15.53 చదరపు కిలోమీటర్ల దీవి, పక్షుల అభయారణ్యం, వానాకాలంలో నీళ్ళలో మునిగిపోతుంది. చలికాలంలో పక్షులు అక్కడ మేస్తుంటాయి. గుంపు మొత్తం ఒక్కసారి గాల్లోకి లేచిన ఫొటోకి లైకులు ఎక్కువ, నాకూ తెలుసు. అవి వాటంతట అవి లేచాయా, పడవ మీదికి పోనిచ్చి లేపారా? వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షి తిండి మానేసి ఊరికే లేవడానికి దానికి బలం ఖర్చవుతుంది. గూటి ఫొటోలు, గూటి చోటు చెప్పేసే వివరాలు, వీటి జోలికి అసలు వద్దు. ఇలాంటివి అందరి ముందు కాకుండా విడిగా చెప్పండి, స్పష్టంగా చెప్పండి. నలుగురిలో పరువు తీస్తే మనిషి ఫొటోని సమర్థించుకోవడం మొదలుపెడతాడు. తాబేలు సంగతి పక్కకి పోతుంది.

పోటీలకి పంపేవాళ్ళ ఫొటోల మీద సలహా ఇచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, అమెరికా ఫొటోగ్రఫిక్ సొసైటీ, బ్రిటన్‌లో 1853లో పుట్టిన రాయల్ ఫొటోగ్రఫిక్ సొసైటీ, ఈ మూడూ ప్రకృతి విభాగానికి ఒకే నిర్వచనం ఒప్పుకున్నాయి. ఫ్రేములో ఉన్నది తీసెయ్యకూడదు, లేనిది చేర్చకూడదు, చోటు మార్చకూడదు. అంచులు కోసి క్రాప్ చేసుకోవచ్చు. మనిషి కట్టినవి, పెట్టినవి కనిపించకూడదు, ఆ ప్రాణి కథలో అవి భాగమైతే తప్ప.

మన భేట్నోయి వైపు కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి. అవి వస్తే వానలొస్తాయి, పంట పండుతుంది అని ఊరివాళ్ళ నమ్మకం. తరతరాలుగా కాపాడుకుంటున్నారు. అక్కడ తీసిన ఫొటో ఒకటి ఇక్కడుంది. జింక, దుక్కి దున్నిన చాళ్ళు, వెనక కరెంటు స్తంభం. ఇందాక ఒక పెద్దాయన "ఆ స్తంభం చెరిపేస్తే బహుమతి వస్తుంది" అన్నారు. ఆ సలహా వింటే ప్రకృతి విభాగంలోంచి నేరుగా బయటికి. నాలుగడుగులు పక్కకి జరిగితే స్తంభం జింక వెనక నుంచి తప్పుకునేది, అది చెప్పాలి. చాళ్ళు మాత్రం ఉండనివ్వండి. మన జింక కథలో పొలం లేకపోతే ఏముంది? జడ్జీ వాదించవచ్చు, వాదించనివ్వండి.

నమ్మకం పోతే ఏమవుతుందో 2009లో చూశాం. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి వన్యప్రాణి ఫొటో పోటీలో ఒక తోడేలు కంచె తలుపు దూకుతున్న ఫొటోకి పెద్ద బహుమతి వచ్చింది. 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అది అద్దెకిచ్చే మచ్చిక తోడేలు అయి ఉండవచ్చని జడ్జీలు నిర్ధారణకొచ్చారు. తీసినాయన ఒప్పుకోలేదు. ఫొటో మాత్రం జాబితాలోంచి పోయింది.

ఇంతసేపూ చెప్పేవాళ్ళ గురించే మాట్లాడాను. వినేవాళ్ళకి ఒకే మాట. ఎదుటివాడు మాట్లాడుతుంటే "అప్పుడు వెలుతురు లేదండీ, పడవవాడు తొందరపెట్టాడండీ" అని అడ్డు రాకండి. ఆ కారణాలు ఫొటో కింద రాసి ఉండవు. పూర్తిగా వినండి, నచ్చనిది వదిలెయ్యండి. ఇద్దరు ముగ్గురు, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్ళు, ఒకే చోట వేలు పెడితే మాత్రం ఆ చోటు మళ్ళీ చూసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక యువతి: "సార్, ఆకాశం బాగా రాకపోతే యాప్‌లో వేరే ఆకాశం పెట్టేస్తున్నారు. అలాంటి ఫొటో చూపించి ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి?")

మంచి ప్రశ్నమ్మా. ఎడిటింగ్ అంటే భయపడక్కర్లేదు. ఆన్సెల్ ఆడమ్స్ అనే ఫొటోగ్రాఫర్ 1941లో అమెరికాలోని హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రోదయం తీశాడు. ఆ ఒక్క నెగెటివ్‌నే తరవాత ఏళ్ళ తరబడి రకరకాలుగా ప్రింట్ చేశాడు. పోనుపోను ఆకాశాన్ని నలుపు చేసుకుంటూ పోయాడు. కానీ చంద్రుణ్ణి ఇంకో ఊరి నుంచి తేలేదు. కాబట్టి ముందు "ఇది ఏ విభాగానికి?" అని అడుగు. ప్రకృతికైతే కుదరదని చెప్పెయ్యి. ఇంట్లో గోడకి అయితే అతనిష్టం. అప్పుడు ఫొటోని ఫొటోలాగే చూసి చెప్పు. సాధారణంగా ఒక్కటి దొరుకుతుంది. ఆకాశంలో సూర్యుడు ఎడమ పక్కన ఉంటాడు, కింద పడవ నీడ కూడా ఎడమకే పడుతుంది. ఆ నీడ మీద వేలు పెట్టి చూపించు, ఇంకేం అనక్కర్లేదు.

(ఒక పెద్దాయన: "మా మనవడు పదేళ్ళవాడు, ఫోన్‌లో తీస్తాడు. వాడికీ ఇవన్నీ చెప్పాలా?")

వాడికి ఏమీ చెప్పకండి బాబాయ్ గారూ. "ఇదెందుకు తీశావురా?" అని అడగండి. చెప్పింది వినండి. నెలకోసారి వాడు తీసినవాటిలో ఒకటి వాణ్ణే ఎంచమని ప్రింటు వేయించండి. ఏది ఎంచుకుంటాడో చూస్తూ ఉండండి, మీరు అనుకున్నది ఎంచడు. (నవ్వులు)

సరే, ఇక గోడల దగ్గరికి వెళ్దాం. ఎవరి పక్కన వాళ్ళ ఫొటో ఉందో అక్కడి నుంచి అవతలి గోడకి జరగండి. పేర్లున్న చీటీలు అరగంట సేపు తిరగేసి పెట్టమని కార్యకర్తలకి చెప్పాను. ఒక్కొక్కరూ ఒక్కో ఫొటోకి ఒక్క మాటే, అది కూడా రేపు పొద్దున్నకి పనికొచ్చేది. నేను ఆ తలుపు పక్క రెక్కల ఫొటో దగ్గర ఉంటాను, దాన్ని కొట్టిపారేసినాయన ఎవరో వస్తే అక్కడే మాట్లాడుకుందాం.